గాఠియా కాదు, గట్టు కావాలి

శీతాకాలం మొదలవగానే సూరత్‌లో తాపీ నది మీదికి తెల్లని సీగల్ పక్షులు గుంపులు గుంపులుగా వస్తాయి. రాందేర్‌నూ సింగణ్‌పోర్‌నూ కలిపే కాజ్‌వే దగ్గర ఆదివారం ఉదయం పక్షులకన్నా జనమే ఎక్కువ. ఒక చేతిలో గాఠియా పొట్లం, ఇంకో చేతిలో ఫోను. గుప్పెడు గాఠియా పైకి విసిరితే పక్షులు గాలిలోనే అందుకుంటాయి. పిల్లలు కేరింతలు కొడతారు. ఫోటోలు అందంగా వస్తాయి. మూగజీవికి తిండి పెట్టిన పుణ్యం దక్కిందని పెద్దలు తృప్తిపడతారు.

మేము ఈ పాఠశాలలో చదివే తెలుగు పిల్లలం. మాలో కొందరి తల్లిదండ్రులు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో ఉండి, విశాఖపట్నం నుంచో నెల్లూరు నుంచో సికింద్రాబాద్ నుంచో బదిలీ మీద వచ్చారు. మరికొందరి తాతలు ఎప్పుడో సాంచాల పని వెతుక్కుంటూ కరీంనగర్, వరంగల్, నల్గొండ జిల్లాల నుంచి వచ్చి లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో స్థిరపడ్డారు. ఎలా వచ్చినా అందరం వలస వచ్చినవాళ్ళమే. ఆ చనువుతో వలస పక్షుల తరఫున నాలుగు మాటలు రాస్తున్నాం. సీగల్ పక్షులకు గాఠియా వేయడం మానాలి. వాటి మీద నిజంగా ప్రేమ ఉంటే నదికీ ఖాడీలకూ మట్టి గట్టును, అడుగున బురదను, కాస్త శుభ్రమైన నీటిని మిగిల్చాలి. ఇదీ మా అభిప్రాయం.

ముందు ఈ అతిథులెవరో చూద్దాం. ఊళ్ళో అందరూ వీటిని సైబీరియా పక్షులంటారు. ఆ మాటలో సగమే నిజం. తాపీ మీద తిరిగేవాటిలో ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. నల్లతల సీగల్ యూరప్ నుంచి సైబీరియా దాకా ఉత్తరాన గుడ్లు పెడుతుంది. గోధుమతల సీగల్ పుట్టిల్లు మధ్య ఆసియాలోని ఎత్తయిన సరస్సులు. టిబెట్ పీఠభూమితో పాటు మన లడఖ్‌లోని సో మోరిరి సరస్సు దగ్గర కూడా అది పిల్లల్ని పొదుగుతుంది. అంటే విదేశీ అతిథి అని మనం మురిసిపోయే పక్షి మన దేశంలోనే పుట్టినది కావచ్చు! తల పేరుతో పిలిచే ఈ పక్షులకు చలికాలంలో తల తెల్లగానే ఉంటుంది, కంటి వెనక చిన్న నల్లమచ్చ మాత్రం మిగులుతుంది. మార్చి వచ్చేసరికి తల రంగు తిరుగుతుంది. అప్పటికి ప్రయాణానికి సిద్ధమైనట్టే.

అంత దూరం తిరిగి ఎగరాలంటే ఒంట్లో సత్తువ కావాలి. సీగల్ తిండి చేపలు, పీతలు, పురుగులు, నీటి మీద తేలే చచ్చిన ప్రాణులు. ఒక విధంగా అది నదికి పారిశుద్ధ్య కార్మికురాలు. గాఠియా అంటే శనగపిండి, ఉప్పు, నూనె. అది కడుపు నింపుతుంది గాని ఆ పక్షి సహజంగా తినే తిండి కాదు. మనమే రోజూ మూడు పూటలా గాఠియా తింటే అమ్మ ఊరుకుంటుందా? పైగా తేరగా తిండి దొరికే చోట వందల పక్షులు ఒకదాని మీద ఒకటి పడతాయి. వాటిలో ఒక్కదానికి జబ్బు ఉన్నా మిగతావాటికి సులువుగా అంటుకుంటుంది. 2021 జనవరిలో గుజరాత్‌తో సహా చాలా రాష్ట్రాల్లో బర్డ్ ఫ్లూ కనిపించిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. నీటిలో పడిన గాఠియా కుళ్ళుతుంది, ఖాళీ పొట్లాలు ఒడ్డున చేరతాయి, వాటి కోసం కాకులు, కుక్కలు వస్తాయి.

పొట్లాలు అమ్ముకుని బతికేవారి మాటేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అదే బండి మీద అదే గాఠియా మనుషులకు అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. సూరత్‌లో గాఠియా తినేవాళ్ళకు కొదవా?

పక్షికి తిండి పెట్టడమే తప్పని మేము అనడం లేదు. గుజరాత్ పల్లెల్లో చబూత్రో అనే చిన్న గోపురం ఉంటుంది. పిచ్చుకలకు, పావురాలకు అందులో గింజలు పోస్తారు. మన ఊళ్ళలో సంక్రాంతికి కొత్తపంట రాగానే వరికంకులను కుచ్చులుగా అల్లి చూరుకు వేలాడదీస్తారు, పిచ్చుకలు వచ్చి తింటాయి. రెండు చోట్లా పెద్దలు పెట్టింది ఆ పక్షి సహజంగా తినే గింజే. చూరుకు బజ్జీలు వేలాడదీసినట్టు ఎక్కడా వినలేదు.

ఇంతకన్నా మంచి పాఠం మన తెలుగు ఊళ్ళే చెబుతాయి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి ఏటా గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి. అనంతపురం వైపు వీరాపురం అనే పల్లెకు కూడా ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి. ఊరి మధ్య చెట్ల మీదే గూళ్ళు కడతాయి. కింద రెట్టలు పడతాయి, చేపల వాసన వస్తుంది, రాత్రంతా గోల. అయినా ఆ ఊళ్ళవాళ్ళు పురిటికి వచ్చిన ఆడపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకుంటారు, పక్షులు రాని ఏడు మంచిది కాదనుకుంటారు. వాళ్ళు పక్షుల నోట్లో తిండి పెట్టరు. చెట్టు కొట్టరు, రాయి విసరరు. మేత సంగతి చుట్టుపక్కల చెరువులు, సముద్రపు కయ్యలు చూసుకుంటాయి. మేము మెచ్చుకునే ఆతిథ్యం అది.

మరి సూరత్‌లో ఆ మేత ఎక్కడుంది? తాపీని కాస్త పరిశీలిస్తే తెలుస్తుంది. మధ్యప్రదేశ్‌లో బేతుల్ జిల్లా ముల్తాయి దగ్గర పుట్టి, దాదాపు 724 కిలోమీటర్లు పడమటికి ప్రవహించి, ఈ నగరం దాటగానే ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుంది. మన గోదావరి, కృష్ణ తూర్పుకు పోతే ఇది పడమటికి పోతుంది. ఎగువన 1972లో పూర్తయిన ఉకాయ్ ఆనకట్ట ఉంది. నగరంలో 1995లో కట్టిన సింగణ్‌పోర్ వీయర్ ఉంది. దాని మీది రోడ్డే మనం కాజ్‌వే అనేది. ఈ వీయర్ నదిని రెండు వేరు వేరు లోకాలుగా విడదీసింది. పైన నిలిచిన మంచినీరు, నగరం తాగే నీరు. మురుగు చేరి కదలక నిలిచిన నీటిలో గుర్రపుడెక్క పచ్చని తివాచీలా పరుచుకుంటుంది. చూడటానికి పచ్చగా ఉంటుంది గాని కింద నీటికి వెలుతురు అందదు, గాలి అందదు, చేపకు ఊపిరాడదు. వీయర్ దిగువన కథ వేరు. సముద్రపు పోటు అక్కడిదాకా వస్తుంది. దేశంలో కెల్లా ఎత్తయిన పోట్లు వచ్చే సింధుశాఖ ఇదే. పాటు సమయంలో నీరు వెనక్కి తగ్గితే రెండు వైపులా బురద బయటపడుతుంది.

ఆ బురదను చూసి ముక్కు మూసుకునేవాళ్ళే ఎక్కువ. పక్షికి మాత్రం అది ధాన్యపు కొట్టు. పురుగులు, నత్తలు, చిన్న పీతలు, బురద మీద గెంతే చేపలు అందులోనే ఉంటాయి. ఒక్కో పక్షి ముక్కు ఒక్కో పొడవు. పొట్టి ముక్కుది పై పొరలో ఏరుకుంటుంది, పొడుగు ముక్కుది లోతున గుచ్చి తీస్తుంది. మధ్య ఆసియా నుంచి భారతదేశానికి వచ్చే పక్షులు 30 దేశాల మీదుగా సాగే ఒక ఆకాశమార్గాన్ని వాడుకుంటాయి. ఆ దారిలో మన బురద ఒక మజిలీ. మజిలీలో అన్నం లేకపోతే బాటసారి గతేమిటి?

ఇక గట్టు సంగతి. నది ఒడ్డు అనగానే ఈమధ్య అందరి మనసులో మెదిలేది రాతి మెట్లు, టైల్స్ పరిచిన నడకదారి, రంగు దీపాలు. సాయంత్రం షికారుకు అవి బాగానే ఉంటాయి. వరద భయం కూడా నిజమే. 2006 ఆగస్టులో ఉకాయ్ నుంచి వదిలిన నీటితో ఈ నగరంలో చాలా భాగం మునిగింది, ఆ రోజుల గురించి ఇప్పటికీ పెద్దలు ఇళ్ళలో చెప్పుకుంటారు. కాబట్టి రక్షణ గోడలు వద్దని అనేంత అమాయకులం కాము. జనం ఉన్నచోట గోడ ఉండాలి. అయితే గోడ అవసరం లేని చోట కూడా సిమెంటు పోయడం ఎందుకు? లకుముకిపిట్ట చెట్టు మీద గూడు కట్టదు. నిటారుగా ఉన్న మట్టిగట్టులో మూరెడు పొడవున సొరంగం తవ్వి లోపల గుడ్లు పెడుతుంది. తేనెటీగలను పట్టి తినే పచ్చని పసరిక పిట్ట కూడా అంతే. కాంక్రీటులో ముక్కుతో సొరంగం తవ్వగల పిట్ట ఇంకా పుట్టలేదు. గట్టు మొత్తం సిమెంటు చేసిన రోజున ఆ పిట్టలు ఎవరితోనూ చెప్పకుండానే వెళ్ళిపోతాయి. వాటి కోసం వార్తాపత్రికల్లో ఫోటోలు కూడా రావు.

నీటికుక్క మాట చెప్పకపోతే తాపీ గురించి చెప్పినట్టు కాదు. ఇంగ్లీషులో ఆటర్ అంటారు. నున్నని గోధుమరంగు బొచ్చు, చదునైన తోక, వేళ్ళ మధ్య చర్మం, కుటుంబమంతా కలిసి చేపల వేట. మన కృష్ణా, గోదావరి డెల్టాల్లో, కోరింగ మడ అడవుల్లో ఉండే రకమే ఇక్కడా ఉంది. ప్రపంచవ్యాప్తంగా దాని సంఖ్య తగ్గుతోంది గనుక ప్రమాదపు జాబితాలో చేర్చారు. తాపీ ఒడ్డునే ఉన్న సర్‌థాణా జంతు ప్రదర్శనశాల 1984లో మొదలైంది. నీటికుక్కలు పిల్లల్ని కనిపెంచుకునేలా చూడటంలో దానికి దేశంలో మంచి పేరుంది. ఇది సూరత్ గర్వించదగిన విషయం. అక్కడ అద్దం అవతల ఈదే నీటికుక్కను చూడటానికి పిల్లలందరూ ఎగబడతారు. జంతుశాల తన పని తాను బాగానే చేస్తోంది. ఆ పిల్లలు పెద్దవయ్యాక వదలడానికి చేపలున్న నీరు, బొరియ తవ్వుకోవడానికి గడ్డి మొలిచిన గట్టు నగరం చుట్టూ ఎంత మిగిలాయన్నది మా ప్రశ్న. అది జంతుశాలవాళ్ళు ఒక్కరే తీర్చగలిగేది కాదు.

ఇంతవరకు తాపీ గురించి రాశాం. నిజానికి మాలో చాలామంది ఇళ్ళు తాపీకి దగ్గరలో లేవు. లింబాయత్, పర్వత్ గామ్, ఉధనా, డిండోలీ వైపు ఉన్న మనవాళ్ళు రోజూ దాటేది ఖాడీలనే. మీఠీ ఖాడీ, భేద్‌వాడ్ ఖాడీ, కాంకరా ఖాడీ, కోయలీ ఖాడీ. ఇవి నగరం తూర్పు, దక్షిణ భాగాల నీటిని మోసుకుని మిండోళా నది వైపు పోతాయి. ఖాడీ అంటే మన భాషలో వాగు అనుకోవచ్చు, పోటు తగిలే చోట ఉప్పుటేరు అనవచ్చు. మీఠీ ఖాడీ అంటే తియ్యని ఏరు! పేరు పెట్టినవాళ్ళు ఆ నీళ్ళు తాగే ఉంటారు. ఇప్పుడు వంతెన మీద ఆటో ఆగితే అందరూ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంటారు. ఎవరిని అడిగినా అది నాలా అంటారు. మా దృష్టిలో అది నదే, చిన్న నది. గుజరాతీలు ఆషాఢ శుద్ధ సప్తమినాడు తాపీ జయంతి చేసి నదికి చున్రీ సమర్పిస్తారు. ఖాడీకి పుట్టినరోజు లేదు, చున్రీ లేదు. దానికి మనం ఇచ్చేది ప్లాస్టిక్ సంచి.

ఆ ఖాడీలో కూడా పక్షులున్నాయి. వంతెన మీంచి పది నిమిషాలు చూస్తే పొడవాటి గులాబిరంగు కాళ్ళతో, నల్లని రెక్కలతో సన్నగా నడిచే పక్షులు కనిపిస్తాయి. వాటి పేరు బ్లాక్ వింగ్డ్ స్టిల్ట్. వాటిని చూసి ఫరవాలేదు, నీళ్ళు బాగానే ఉన్నాయనుకుంటే పొరపాటు. మురుగులో గాలి తక్కువైనా బతికే ఎర్రని పురుగులు కొన్ని ఉంటాయి, స్టిల్ట్ పక్షులు వాటిని తిని బతకగలవు. నీరు బాగుందో లేదో తెలియాలంటే చేపలు తినే లకుముకిని వెతకాలి. ఇందులోనూ ఒక చిక్కుంది. రొమ్ము తెల్లగా, రెక్క నీలంగా ఉండే పెద్ద లకుముకి బల్లుల్నీ మిడతల్నీ తిని కరెంటు తీగ మీద కూడా కాలం గడుపుతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. పిచ్చుకంత ఉండే చిన్న లకుముకి గాని, గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడి నిటారుగా నీళ్ళలోకి దూకే నలుపు తెలుపు లకుముకి గాని ఉంటే, ఆ నీటిలో చేప ఉన్నట్టు. చేప ఉంటే గాలి ఉన్నట్టు. ఖరీదైన పరికరం ఏదీ లేకుండా ఒక పిట్ట చేసే నీటి పరీక్ష ఇది.

ఖాడీ బాగుపడితే పక్షులకే లాభమా? 2024 జులైలో, మళ్ళీ 2025 జూన్‌లో ఖాడీలు పొంగి ఈ ప్రాంతాల ఇళ్ళలోకి, దుకాణాల్లోకి నీళ్ళు వచ్చాయి. తాపీ వరదకు ఉకాయ్ దగ్గర గేట్లున్నాయి, ముందు హెచ్చరిక వస్తుంది, కాజ్‌వే మూసేస్తారు. ఖాడీ వరద అలా కాదు, వాన గట్టిగా పడిన కొన్ని గంటల్లోనే గుమ్మంలో ఉంటుంది. వాగుకు ఇరువైపులా పరుచుకునే చోటు ఉంటే నీరు అక్కడ నిలిచి నెమ్మదిగా పోతుంది. ఆ చోటును ఇళ్ళతో, షెడ్లతో, చెత్తతో నింపితే నీరు తన చోటు తాను వెతుక్కుంటుంది. అంటే పిట్టకు కావలసిన గడ్డిగట్టు, మనిషికి కావలసిన వరద దారి ఒకటే.

ఇది సాధ్యమేనా అన్న అనుమానం సూరత్‌లో రాకూడదు. 1994లో ప్లేగు భయంతో జనం రైళ్ళెక్కి పారిపోయిన నగరం ఇది. మరుసటి ఏడు కమిషనర్‌గా వచ్చిన ఎస్. ఆర్. రావు గారు వీధులు ఊడిపించి, ఆక్రమణలు తీయించి, అధికారులను ప్రతి ఉదయం వార్డుల్లోకి పంపి ఊరి రూపు మార్చారు. ఆ అలవాటు నిలబడింది. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి సూరత్ దేశంలో మొదటి స్థానం పొందింది. వీధిని అంత శుభ్రం చేసిన నగరం వాగును ఎందుకు చేయలేదు? మాకు తోచిన జవాబు ఒకటే. వీధి ఎవరి ఇంటి ముందో ఉంటుంది, వాగు అందరి ఇళ్ళ వెనక ఉంటుంది. కిటికీ తెరిస్తే వీధి కనిపించాలి, ఖాడీ కనిపించకూడదు. అందుకే వెనకవైపు కిటికీలు కూడా లేని ఇళ్ళు చాలా ఉన్నాయి.

డైయింగ్ మిల్లుల ప్రస్తావన తెస్తే మాలో కొందరి ఇళ్ళలో మాట ఆగిపోతుంది. కూడు పెట్టే పనిని తప్పుపట్టడమేమిటని పెద్దలు అంటారు. వారి మాటలో బాధ ఉంది, దాన్ని తేలికగా తీసుకోం. కాని ఒక తేడా గమనించాలి. సాంచా మీద బట్ట నేయడానికి నీళ్ళు పెద్దగా అక్కరలేదు, వాటర్‌జెట్ మగ్గాలు తప్ప. నీళ్ళు విపరీతంగా తాగేది, రంగు కలిపి వదిలేది ఆ బట్టకు రంగు వేసే దశ. అక్కడ కూడా మిల్లు మూయడం ఒక్కటే దారి కాదని ఈ నగరమే చూపించింది. బమరోలీలో 2014లో మొదలైన కేంద్రం నగరపు మురుగునీటిని మూడు దశల్లో శుద్ధి చేసి, రోజుకు 4 కోట్ల లీటర్ల దాకా పాండేసరా పారిశ్రామికవాడకు అమ్ముతుంది. మురుగు కొనుక్కునేవాళ్ళు కూడా ఉంటారా అని మన తాతలు నవ్వి ఉండేవారు. మిల్లుకు నీరు దొరికింది, నదిలోంచి తోడే మంచినీరు ఆ మేరకు తగ్గింది. ఇటువంటివి ఇంకా రావాలని, మిల్లు వదిలే నీరు ఖాడీలో పడకముందే పూర్తిగా శుద్ధి కావాలని కోరడం కూలి మీద కొట్టడం కాదు. ఆ ఖాడీ పక్కన కాపురం ఉండేది కూలివాళ్ళే. దోమలు వాళ్ళనే కుడతాయి, వరద వాళ్ళ ఇంట్లోకే వస్తుంది.

పార్కుల గురించి కూడా ఒక మాట. ఆల్థాన్ వైపు కాంకరా ఖాడీ వెంట నగరపాలక సంస్థ జీవవైవిధ్య ఉద్యానం పెంచుతోంది. ఖాడీ వైపు ముఖం తిప్పిన మొదటి పెద్ద ప్రయత్నాలలో అదొకటి, మనస్ఫూర్తిగా అభినందిస్తున్నాం. డుమస్ దారిలో గవియర్ చెరువును నేచర్ క్లబ్ సూరత్ వారు చాలా ఏళ్ళుగా పక్షుల కోసం కాపాడుతున్నారు. అక్కడ దీపాలు లేవు, ఫౌంటెన్ లేదు, జమ్ము, తుంగ ఉన్నాయి, పక్షులున్నాయి. ఉద్యానం అంటే కత్తిరించిన పచ్చిక, వరుసగా నాటిన పూలమొక్కలు అనే ఆలోచన కొంచెం సడలాలి. పచ్చిక మీద చిలుక కూడా వాలదు, అక్కడ దానికి తినడానికేముంది? అలాగని ఏది పచ్చగా ఉంటే అదల్లా మంచిదని కూడా కాదు. ఖాడీ గట్ల మీద కమ్ముకున్న ముళ్ళచెట్టును గుజరాతీలు గాండో బావళ్ అంటారు, అంటే పిచ్చితుమ్మ. మనం సర్కారు తుమ్మ అంటాం. ఒక చెట్టును ఒకరు పిచ్చిదన్నారు, ఒకరు ప్రభుత్వానిదన్నారు, దాని మీద వ్యాఖ్య చేయం! అది ఇంకో మొక్కను మొలవనివ్వదు. దాని చోట నేరేడు, కానుగ, రావి, మర్రి పెరిగితే పండ్లు తినే పిట్టలన్నీ వస్తాయి.

ఉత్తరాయణం సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. గాజుపొడి దారం, నైలాన్ దారం పక్షి రెక్కను కోస్తాయి. 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ నైలాన్ దారాన్ని నిషేధించింది. ఏటా జనవరి 10 నుంచి 20 వరకు కరుణా అభియాన్ పేరిట గాయపడిన పక్షులకు ప్రభుత్వం చికిత్స చేయిస్తోంది. సీగల్స్ ఊళ్ళో ఉండే కాలం, గాలిపటాల కాలం ఒకటే కావడం వాటి దురదృష్టం. పండుగ మరునాడు చెట్లకు, తీగలకు చిక్కిన దారం ఏరితే ఇంకా కొన్ని రెక్కలు మిగులుతాయి. మన సంక్రాంతికి భోగిమంట కోసం పుల్లలు ఏరే ఓపిక ఉన్నవాళ్ళకు కనుమనాడు దారం ఏరడం కష్టం కాదు.

ఇక పాఠశాలగా మనం ఏం చేయగలం? ర్యాలీ వద్దని మా మనవి. ప్లకార్డులు పట్టుకుని నడిస్తే ఒక పూట పాఠాలు పోవడం తప్ప ఖాడీకి ఒరిగేదేమీ లేదు. మేము ఒక నోటుపుస్తకం పెట్టదలిచాం. ఎవరి ఇంటి దగ్గర ఏ వంతెన ఉందో ఆ వంతెన మీద, వారానికి ఒకసారి, పెద్దవాళ్ళు తోడుండగా, పదిహేను నిమిషాలు నిలబడి కనిపించిన పక్షులను రాయాలి. తేదీ, సమయం, వంతెన పేరు, పక్షి, ఎన్ని, నీటి రంగు. నీటి రంగు అని ఎందుకంటే, కొన్ని రోజులు ఖాడీ ఎర్రగా ఉంటుంది, కొన్ని రోజులు నీలంగా ఉంటుంది. పేరు తెలియని పక్షిని తెలిసినట్టు రాయకూడదు, బొమ్మ గీయాలి. తెలుగు పేరు, గుజరాతీ పేరు, హిందీ పేరు ఏది తెలిస్తే అది రాయవచ్చు. లకుముకి పక్కన కల్‌కలియో అని ఎవరైనా రాస్తే ఆ పుస్తకం ఇంకా బాగుంటుంది. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో 2013 నుంచి మన దేశం పాల్గొంటోంది. పాఠశాలలు, కళాశాలలు తమ ఆవరణలోని పక్షులను లెక్కపెట్టి పంపవచ్చు. మన లెక్క కూడా అందులో చేరాలి.

మన పాఠశాలకు ఒక ఇబ్బంది ఉంది. మూడేళ్ళకోసారి సగం తరగతి మారిపోతుంది. నాన్నకు బదిలీ ఉత్తర్వు వస్తే వేసవి సెలవుల్లో సామాను సర్దుకోవడమే. ఒక ఖాడీ మారిందో లేదో తెలియడానికి పదేళ్ళు కావాలి, ఇక్కడ పదేళ్ళుండే విద్యార్థి అరుదు. అందుకే పుస్తకం ఎవరి ఇంటికీ పోదు, గ్రంథాలయంలో ఉంటుంది. వెళ్ళేవాళ్ళు తమ వంతెనను వచ్చేవాళ్ళకు అప్పగించి వెళ్ళాలి. మీఠీ ఖాడీ వంతెనకు ఇద్దరు, కాంకరా ఖాడీకి ఒకరు, కాజ్‌వేకు నలుగురు ఇప్పటికే పేర్లిచ్చారు. కాజ్‌వేకు అంతమంది ఎందుకో ఊహించగలం, అక్కడ గాఠియా బండ్లున్నాయి కదా, అవి తినడానికి అభ్యంతరం లేదు. భేద్‌వాడ్ ఖాడీకి, కోయలీ ఖాడీకి ఇంకా ఎవరూ దొరకలేదు. ఆ వైపు ఉండేవారు, ఏ భాషవారైనా సరే, దీపావళి సెలవులకు ముందే గ్రంథాలయంలో పేరు రాయించండి. సీగల్స్ వచ్చేది ఆ తర్వాతే.